ఉప్పునీళ్ల ట్యాంకులో పందికొక్కు

తామరైపాక్కంలో పందికొక్కులకు ఓటు హక్కు ఉండి ఉంటే రాజామణిని ఎప్పుడో ఊరు దాటించి ఉండేవి. ఆనకట్ట కింద ఆమెకు మూడెకరాల వరి, ఎకరం వేరుశనగ ఉన్నాయి. ఆ గట్ల మీద ఏ కలుగులో ఏది కాపురముంటోందో తెలిసినంతగా పక్కింటి కాపురాలు కూడా ఆమెకు తెలియవు. భర్త తిరుమలయ్య మందు పెడదామంటాడు. ఆమె పడనివ్వదు. మందు తిన్న ఎలుకను కాకి తింటుంది, ఆ కాకి వచ్చి మన బావిలోనే పడుతుంది అని ఆమె వాదం. నాట్లకు ముందు చుట్టుపక్కల రైతులు ఆమెను పిలిపించుకుని మరీ గట్లు చూపించుకుంటారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి కుచ్చిళ్లు ఎగదోపుకుని, వంగి, చిటికెడు మట్టి తీసి నలిపి, "ఇది పాతది, ఇది నిన్నటిది" అని తేల్చేస్తుంది. ఇక ఎవరూ మారు మాట్లాడరు.

అలాంటి మనిషికి నోరు పెగలని చోటు ఒకటుంది. అది తిరువళ్లూరులో కూతురి ఇల్లు.

రాజామణి పుట్టింటివారి పద్ధతిలో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఈ కాలంలో ఎవరమ్మా ఇదంతా చూసేది అని కూతురు సత్యప్రియ నెత్తీనోరూ కొట్టుకున్నా ఆమె వినలేదు. పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో అల్లుడికి చెప్పిన ప్రతి మాటా కూతురి మీదుగానే వెళ్లింది. అందులో ముప్పాతిక భాగం ఒకటే మాట: "అబ్బాయి తిన్నాడేమో అడుగు పాపా." అవతలి గదిలోంచి అల్లుడు మురళీధరన్ "తింటినని చెప్పు" అనేవాడు. ఇద్దరికీ శుభ్రంగా వినబడేది. అయినా మధ్యలో సత్యప్రియ ఆ మాటను ఇంకోసారి చెప్పాల్సిందే. నన్నడిగితే ఇది మర్యాద కాదు, ఆ పిల్లకు శిక్ష.

ఈమధ్య సత్యప్రియ తాను పాఠాలు చెప్పే బడి మెట్ల మీద జారిపడి, కాలికి కట్టు వేయించుకుంది. వండిపెట్టడానికి వచ్చిన రాజామణి మొదటిరోజే గమనించింది, అల్లుడి ముఖంలో కళ లేదని.

మురళీధరన్ ఆత్తిపట్టులో, కరెంటు తయారుచేసే చోట పనిచేస్తాడు. పొద్దున రైళ్లు మారి వెళ్తాడు, సాయంత్రం రైళ్లు మారి వస్తాడు. వచ్చి స్నానం చేసి హాల్లోని నాలుగడుగుల గాజు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుంటే చాలు, మనిషి మళ్లీ మనిషయ్యేవాడు. అందులో తూకం వేసి ఉప్పు కలిపిన నీళ్లు, నీలం లైటు, ఒళ్లంతా కన్నాలున్న రాళ్లు, ఆ రాళ్లను పట్టుకుని ఊగే మెత్తటి ప్రాణులు, మధ్యన చేపలు. ఆ చిన్న సముద్రాన్ని నాలుగేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. రెండు నెలల కిందట, ట్యాంకు ఎత్తేస్తున్న స్నేహితుడొకడు ఇస్తే ఒక పెద్ద రాయి తెచ్చి అందులో పెట్టాడు. అప్పటి నుంచి ఒక్కొక్కటే మాయం. నత్తలు పోయాయి. నీలం చేపలు రెండూ పోయాయి. పోయిన వారం, నారింజ రంగు మీద తెల్లపట్టీలుండే జంటలో ఒకటి పోయింది. మిగిలినది మూల వదిలి కదలడం లేదు.

"ఆదివారం తిరుత్తణి నుంచి పార్థిబన్ వస్తాడు," అన్నాడు మురళీధరన్ భార్యతో. పార్థిబన్ కూడా ఇదే పిచ్చి ఉన్నవాడు. "ట్యాంకు, రాళ్లు, మోటార్లు, అన్నీ ఎత్తుకోని పొమ్మన్నాను. ఒక్కొక్కటే చచ్చేది చూస్తా కూర్చోలేను."

"సుమ్మా, ఊరికే అంటుండాడు అనుకుంటి," అని సత్యప్రియ వంటింట్లోకి వచ్చి తల్లితో గుసగుసలాడింది. "నిజంగానే ఫోన్ చేసేసినాడమ్మా."

అది చాలదన్నట్టు ఒక నింద కూడా వేశాడు మురళీధరన్. పగిలిన నత్తగుల్లల పక్కన ఎప్పుడు చూసినా సన్యాసి పీత కూర్చుని ఉంటోంది. ఖాళీ గుల్లలో దూరి, ఆ ఇంటిని మోసుకుంటూ తిరిగే పీత అది. సత్యప్రియకు దానిమీద ముద్దు. "కండిప్పా వీడే, అనుమానమే లేదు," అని తీర్పు చెప్పేశాడు మొగుడు.

మరుసటిరోజు అల్లుడు పనికి వెళ్లగానే రాజామణి ట్యాంకు ముందు నేల మీద చతికిలబడింది. చూస్తే అవీ గట్లే, అవీ కలుగులే. మట్టికి బదులు రాయి, గాలికి బదులు నీళ్లు, అంతే తేడా. గంటసేపు కూర్చుంది. గుల్లలన్నీ ఒకేలా పగిలి, కొత్త రాయి కిందే కుప్పగా పడి ఉన్నాయి. ఉన్నట్టుండి లోపల "టక్" మంది.

"మోటారమ్మా," అంది సత్యప్రియ.

"మోటారైతే ఆగకుండా కొట్టుకుంటాది మే. ఇది తలుచుకున్నప్పుడు కొడతా ఉండాది."

దొంగ ఎక్కడున్నాడో పట్టే ఉపాయం ఆమెకు తెలుసు. చెప్పాల్సినవాడేమో అల్లుడు. కూతురితో చెప్పిస్తే సగం ముక్కలే చేరతాయి. మనసు ఊరుకోలేదు. ఆ సాయంత్రం మురళీధరన్ టీ గ్లాసుతో కూర్చున్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు పెంచి పీతతో మాట్లాడింది.

"ఒరే సన్యాసీ, నువ్వుండేదే పరాయి గుల్లలో. ఇల్లు కావాల్సినోడు ఇండ్లు పగలగొడతాడా? నీ మీద పెట్టినారే నింద! మా ఊర్లో అయితే సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేస్తాం. తెల్లారి ఏది తెరిచి ఉంటే దాంట్లో ఉండాడు దొంగ. ఈడ మట్టి లేకపోతే గులకరాళ్లు లేవా?"

మురళీధరన్ టీ చల్లారిపోయింది. అత్త వైపు తిరగలేదు గానీ, "ఇది నెట్లో కూడా యాడా లేదు సత్యా," అన్నాడు. పొడుగాటి పట్టకారు తెచ్చి, చీకటి పడేలోపల కొత్త రాతికి బయటికి కనబడే కన్నాలన్నింటికీ చిన్నచిన్న గులకరాళ్లు బిగించాడు. వంటింట్లోంచి "పైనుండేది వదిలేసినాడు సన్యాసీ" అని రెండుసార్లు వినబడింది. రెండుసార్లూ వదిలేసినదాన్ని మూశాడు.

తెల్లారితే శనివారం, సెలవు. లైటు వేసేసరికి కన్నాలన్నీ మూసినవి మూసినట్టే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని రాయి జానెడు దూరాన పడి ఉంది. మురళీధరన్ ఆనందం పట్టలేక చొక్కా చేయి పైకి లాగి, రాయిని ఎత్తడానికి ఉత్తచేయి నీళ్లలో పెట్టేశాడు. అతని కళ్లు ముందున్న కన్నం మీదే ఉన్నాయి. వేళ్లేమో రాతి వెనక్కి పోతున్నాయి.

"చెయ్యి తియ్‌రా నాయనా!" అని ఇల్లదిరేలా అరిచింది రాజామణి. "దొడ్డిదారి ఉంటాది దానికి!"

చెయ్యి బయటికి వచ్చింది. అదే క్షణంలో రాతి వెనక, గాజు పక్కనున్న సందులో ఎవరూ చూడని చోట, కాడల మీద రెండు కళ్లు లేచాయి. టక్కుమని ఒక దెబ్బ. మురళీధరన్ వేలు ఉండాల్సిన చోట రాయి పెచ్చు లేచింది.

తానేం చేసిందో అప్పుడు తెలిసింది రాజామణికి. అల్లుణ్ణి పట్టుకుని 'రా' అంది! కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి, ఖాళీ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. తడిచేత్తోనే మురళీధరన్ గుమ్మం దాకా వచ్చాడు.

"అత్తా, రెండు దారులూ తెలిసిపోయినాయి. దాన్ని బయటికి తెచ్చేది ఎట్ల?"

"మేమైతే పొగ పెడతాం," అంది పొయ్యితో. "నీళ్లలో పొగ పెట్టలేం గదా. ఊపిరాడకుండా ఏమన్నా పొయ్యాల," అంది.

"సోడా!" అన్నాడు మురళీధరన్.

వీధి చివరి అంగడి నుంచి గోలీసోడా వచ్చింది. పనిలో వాడే మందపాటి తోలు గ్లవుజులు వేసుకుని రాతిని బకెట్ మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ముందు కన్నాన్ని రాజామణి బొటనవేలంత గుడ్డ ఉండతో మూసింది. దొడ్డిదారిలోకి సిరంజితో సోడా కొట్టగానే వేలెడు పొడవున్న పచ్చటి ప్రాణి ఒకటి బకెట్లో పడి, టక్ టక్ మని గోడలు గుద్దింది.

"మాంటిస్ రొయ్య," అన్నాడు మురళీధరన్. "పిడికిళ్లతో గుద్ది గుల్లలు పగలగొట్టేది ఇదే. చేపల్ని కూడా వదలదు."

"చంపొద్దు నాయనా," అంది రాజామణి బకెట్లోకి వంగి. "దాని రంగు చూడు, నెమలి మాదిరి ఉండాది. అది కూడా కడుపు కోసమే గదా చేసింది. మీ పార్థిబన్‌కియ్యి, ఒంటిగా ఒక తొట్టిలో పెట్టుకోమను. తిరుత్తణి కొండ మీద సామి ఎక్కేదే నెమలి, ఆడ నెమలి రంగుదానికి కూడెవరైనా లేదంటారా?"

ఈ మాటలన్నీ అల్లుడి ముఖంలోకి చూస్తూ చెప్పింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. సత్యప్రియకు తెలిసింది గానీ, ఎక్కడ గుర్తుచేస్తే అమ్మ నోరు మూసుకుంటుందోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

ఆదివారం పార్థిబన్ వచ్చాడు. ట్యాంకు కోసం వచ్చినవాడు ఆరు ఇడ్లీలు తిని, మూతపెట్టిన బకెట్ ఒక్కటి పట్టుకుని రైలెక్కాడు. స్నేహితుడికి తోడుగా మురళీధరన్ కూడా ఆరు తిన్నాడు. వడ్డించింది రాజామణే.

గంట తిరగకముందే తెల్లపట్టీల చేప మూల వదిలి ట్యాంకు నడిమికి వచ్చింది. నింద తప్పిన సన్యాసి కింద తీరిగ్గా తిరుగుతోంది. మురళీధరన్ తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాడు. రాజామణి అందులో కూర్చోలేదు, ఆ ముచ్చటకు ఇంకా కొన్నాళ్లు పడుతుంది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి, చేపను చూసింది, అల్లుణ్ణి చూసింది. తొమ్మిదేళ్లుగా గోడల మీదుగా పంపిన మాటను మొదటిసారి సొంత నోటితో అడిగింది.

"తిన్నావా నాయనా?"

"లేదత్తా," అన్నాడు మురళీధరన్.

ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.