మూడు శుక్రవారాలు తోలరాదు

ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి, ఒక క్యాంపు మొత్తానికి శుక్రవారం లేకుండా చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి, చూస్తారు. నవ్వుకోండి, పరవాలేదు. కానీ మెల్లగా నవ్వండి. ఆ కాగితం రాసిన కుర్రాడు ఇంకా నా లోపలే ఎక్కడో పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాడు, వింటే నొచ్చుకుంటాడు.

మాది జగిత్యాల వైపు. పదో తరగతి రెండుసార్లు తప్పాను కానీ, మా మండల శాఖా గ్రంథాలయానికి వెళ్ళడం మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. ఫ్యాను గాలి కోసం వచ్చేవాళ్ళు వేరు, జ్ఞానం కోసం వచ్చే నేను వేరు. (మొదటి వేసవి నేనూ ఫ్యాను కోసమే వెళ్ళాను. మీతో దాపరికం ఎందుకు?) అలా పశువైద్యం నుంచి నౌకాయానం దాకా దొరికిందల్లా చదివి, ఆ చదువంతా తలలో మోసుకుంటూ సౌదీ చేరి, అల్ ఖర్జ్‌లో ఒక పాడి ఫారంలో ఆవులకు దాణా కలిపే పనిలో కుదిరాను. క్యాంపులో నా అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. తెలుగువాళ్ళకు నేను 'లైబ్రరీ'ని, మిగతావాళ్ళకు 'మాస్టర్జీ'ని.

మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, గుర్రాల పిచ్చి. ఏ దేశంలోనో బండి పందేలు చూసి మనసు పారేసుకుని, రెండు పొట్టి గుర్రాలనూ, సైకిలు చక్రాల్లాంటి చక్రాలున్న రెండు తేలిక బండ్లనూ తెప్పించాడు. ఈ పందెంలో గుర్రం వీపు మీద ఎవరూ ఎక్కరు. వెనక బండిలో కూర్చుని పగ్గాలతో తోలుతారు. గుర్రం దౌడు తీయకూడదు, అడుగు చెదరకుండా చకచకా నడవాలి. చలికాలం శుక్రవారం పొద్దున్నే, పశువుల మేత చేను చుట్టూ ఉన్న మట్టి దారి మీద ఈ వేడుక. తోలే మనిషిని పందెం భాషలో 'డ్రైవర్' అంటారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

తోలేవాళ్ళు ఇద్దరు. ఒకడు గుల్జార్ భాయ్, పాకిస్తాన్ పంజాబీ, వాళ్ళ తాత టాంగా తోలేవాడు. రెండోవాడు కడప జిల్లా సుబ్బరాయుడు, నా గదిలో పక్క మంచం. నేను సుబ్బన్నా అంటాను.

బండ్లతోపాటు వచ్చిన పెట్టె అడుగున ఒక ఇంగ్లీషు నిబంధనల పుస్తకం దొరికింది. ఇక చూడండి నా సంబరం! డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. 'అజాగ్రత్తగా ఎదుటివాడి దారికి అడ్డం వచ్చిన డ్రైవర్‌ను మూడు వారాలు సస్పెండ్ చేయవలెను' అని ఒక చోట ఉంది. సస్పెండ్ అంటే ఏమిటా అని డిక్షనరీ తిప్పితే 'వేలాడదీయు' అని మొదటి అర్థం ఇచ్చింది. ఇంత చిన్న తప్పుకు మనిషిని మూడు వారాలు వేలాడదీయడమా అని ఒక పూట అన్నం సహించలేదు. రెండో అర్థం మర్నాడు చదివాను.

పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ముదీర్ నన్నే న్యాయాధికారిని చేశాడు. నా చేతికి ఒక ఎర్ర జెండా ఇచ్చాడు. తన వంతుగా ఒకే ఒక్క నిబంధన పెట్టాడు: గుర్రాలు కదిలాక దారి మీద అడుగుపెట్టినవాణ్ణి ఎండాకాలమంతా పేడ గుంట పనికి పంపుతాడు.

ఇప్పుడు ఆ శుక్రవారం సంగతి. సుబ్బన్న తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు. ముందురోజు నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి పాలకోవా చేసి డబ్బాకెత్తాడు. ఆయన భార్య రమణమ్మ రియాద్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇద్దరూ సౌదీలోనే ఉన్నా, ముఖాలు చూసుకుని పది నెలలైంది. ఆ సాయంత్రం వాళ్ళ యజమాని కుటుంబం అల్ ఖర్జ్ పార్కుకు వస్తోంది. పిల్లలు ఆడుకుంటున్నంతసేపు, అంటే పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్ దాకా, ఆమెకు తీరిక.

"మూడు గంటలకు టౌనుకు మన బస్సు ఉండాది. నాలుక్కంతా పార్కులో ఉంటా. అంతే అబ్బీ, నాకింకేం వద్దు," అన్నాడు సుబ్బన్న.

"మరి పందెం?"

"అది ముదీర్ కోసం. ఇది నా కోసం."

పందెం మొదలైంది. నేను మలుపు దగ్గర జెండాతో ఉన్నాను. పొగమంచు ఇంకా విడలేదు. చేను మధ్యన చక్రాల మీద మెల్లగా తిరిగే ఆ పొడవాటి నీటి గొట్టం సన్నటి జల్లు చిమ్ముతోంది. అప్పుడే లేచిన సూర్యుడు ఆ జల్లులోకి దిగి ముక్కలు ముక్కలుగా మెరుస్తున్నాడు. తడిసిన మేత వాసన. దూరంగా ఎక్కడో గిట్టల చప్పుడు, ఎవరో నిద్రలో తలుపు తట్టినంత మెత్తగా. నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఈ జల్లు ఇలాగే లేచి మబ్బయి, మా ఊరి గ్రంథాలయం మీదికి వెళ్ళి కురిస్తే, కిటికీ పక్కన పత్రికలు తడుస్తాయే, ఎవరైనా తలుపు వేస్తారా అని ఆలోచిస్తున్నాను.

"ఓయ్! ఓయ్! ఓయ్!"

తేరుకుని చూసేసరికి దుమ్ము. గుల్జార్ బండి అడ్డంగా జరిగి ఉంది. సుబ్బన్న గుర్రం బెదిరి దౌడు అందుకుని, పందెం దారి వదిలి, మేత చేలో నిలబడి ప్రశాంతంగా తింటోంది.

ఏం జరిగిందో నేను చూడలేదు. చూడని న్యాయాధికారి ఏం చేయాలి? పుస్తకం ప్రకారం, విచారణ!

దాణా గోదాములో ఖాళీ బస్తాల మీద నేను కూర్చున్నాను. ముదీర్ పక్కన ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగుతున్నాడు. సుబ్బన్న నా చెవిలో గొణిగాడు.

"ఎందుకబ్బీ ఇదంతా? నాకేం దెబ్బ తగల్లేదు, గుర్రానికీ తగల్లేదు. వదిలెయ్."

"గట్లెట్లనే సుబ్బన్నా? నీకు అన్యాయమైంది. నేనుండంగ నీకు అన్యాయం కానిస్తనా?"

"నేనేమన్నా అడిగితినా?"

"న్యాయం అడిగితె ఇచ్చేది గాదన్నా!" ఈ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే, రెండోసారి అన్నాను.

గుల్జార్‌ను ప్రశ్నించాను. ఆరడుగుల మనిషి, చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు.

"గుల్జార్ భాయ్, బండి ఎందుకు అడ్డంగా కోశావు?"

"సామ్నే కోయీ ఖడా థా, మాస్టర్జీ." ముందు ఎవరో నిలబడి ఉన్నారట.

"ఎవరు?"

గుల్జార్ సుబ్బన్న వైపు చూశాడు. సుబ్బన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ముదీర్ ఖహ్వా కప్పు దించి, "మీన్?" అన్నాడు. ఎవరది అని.

"ధూల్ థీ. దిఖా నహీ," అన్నాడు గుల్జార్. దుమ్ములో కనబడలేదట.

"సాక్ష్యం లేని మాట చెల్లదు!" అని బస్తా మీద గుద్దాను. దాణా పొడి లేచి నాకే తుమ్ములొచ్చాయి. తుమ్ముల మధ్యనే తీర్పు రాశాను, ఇంగ్లీషులో, అందమైన చేతిరాతతో: డ్రైవర్ గుల్జార్ అజాగ్రత్తగా అడ్డం వచ్చినాడు. మూడు శుక్రవారాలు తోలరాదు.

ముదీర్ చదివి, "మాషా అల్లా, ఉస్తాద్!" అని సంతకం చేసి, ముద్ర వేసి, కాగితం ఆఫీసుకు పంపి, పికప్ ఎక్కి ఎడారిలో చుట్టాల గుడారానికి వెళ్ళిపోయాడు. గుల్జార్ నా దగ్గరికొచ్చి, "సోచ్ లో, మాస్టర్జీ," అన్నాడు. ఆలోచించుకో అని. ఓడినవాడి బాధ అనుకుని జాలిపడ్డాను.

మూడు గంటలకు క్యాంపు గేటు దగ్గర చూడాలి ఆ వైభవం! వారం పొడుగునా పేడ, పాలు, దాణా వాసన కొట్టిన జనమంతా ఇస్త్రీ చొక్కాల్లో, తలకు నూనె పెట్టి, అత్తరు పూసుకుని వరసగా నిలబడ్డారు. బిర్యానీ తినాలనేవాళ్ళు, క్షవరం చేయించుకోవాలనేవాళ్ళు, ఇంటికి పార్సెల్ వేయాలనేవాళ్ళు. అందరికంటే ముందు కోవా డబ్బాతో సుబ్బన్న. బస్సు ఉంది. బస్సు డ్రైవర్ కూడా ఉన్నాడు, ఎదురుగా మంచం వాల్చుకుని కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

బస్సు డ్రైవర్ ఎవరంటారా? గుల్జార్ భాయ్. క్యాంపు మొత్తంలో ఇఖామా అనే గుర్తింపు కార్డు మీద 'డ్రైవర్' అని ఉన్నది ఆయనొక్కడికే.

ఆఫీసు గుమాస్తా కాగితం చూశాడు. డ్రైవర్ గుల్జార్ తోలరాదు అని ఉంది. ముదీర్ సంతకం ఉంది. బస్సు తాళాలు తీసుకుని, బీరువాలో పెట్టి, సెలవు కాబట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. అతని తప్పేముంది? ఏ బండి అన్నది నేను రాయలేదుగా.

"గుల్జార్ భాయ్, గుర్రబ్బండి సంగతి రాసిన్నే నేను! బస్సు గాదు!"

"కానూన్ కానూన్ హై, మాస్టర్జీ," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. చట్టం చట్టమేనట.

వరసలో తల తర్వాత తల నా వైపు తిరిగింది. అత్తరు వాసన అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ముదీర్‌కు ఫోన్ చేస్తే ఎడారిలో సిగ్నల్ లేదు. టాక్సీవాడు ఇంత లోపలికి రానన్నాడు. సుబ్బన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా మూత ఒకసారి తీసి, కోవా చూసుకుని, మళ్ళీ మూత పెట్టాడు.

అప్పుడు మంచం మీది నుంచి, కళ్ళు తెరవకుండానే గుల్జార్ అన్నాడు: "సుబ్బా కో తో కిసీనే సస్పెండ్ నహీ కియా."

నిజమే! సుబ్బన్నను ఎవరూ సస్పెండ్ చేయలేదు!

పావుగంటలో గుర్రాన్ని బండికి పూన్చాం. ఒక్కరు కూర్చునే సీటు అది. "నువ్వెందుకబ్బీ?" అన్నాడు సుబ్బన్న. "తప్పు నాది గదన్నా, నిన్ను ఒక్కణ్ణి పంపుతనా?" అని ఎర్ర జెండా పట్టుకుని సగం సీటు ఆక్రమించాను. గేటు దాటుతుంటే ఇస్త్రీ చొక్కాలన్నీ ఈలలు వేశాయి.

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఖర్జూరపు తోటల పక్కన మట్టి దారి. వాలుతున్న ఎండ గుర్రం జూలులో చిక్కుకుని ఊగుతోంది. మా నీడ మాకంటే పొడుగ్గా సాగి, గోడలెక్కి, దిగి, మళ్ళీ మా పక్కకే వచ్చి పరుగెత్తుతోంది. చక్రాలు నేలను తాకుతున్నాయో లేదో తెలియదు. పెద్ద రోడ్డు దగ్గర ఒక సౌదీ పెద్దాయన మమ్మల్ని చూసి కారు ఆపి, నవ్వి, లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ మా ముందు నడిపించాడు. వెనక నలభై కార్లు. పెళ్ళి ఊరేగింపంటే నమ్మండి.

"సుబ్బన్నా, గుర్రం అడుగు చెదరలేదు చూసినవా? పుస్తకంల..."

"నోరు మూసుకో అబ్బీ, పగ్గం జారుతాది."

పార్కు చేరేసరికి అజాన్‌కు ఇంకా ముక్కాలు గంట ఉంది. రమణమ్మ వదిన నల్ల అబాయాలో ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఉయ్యాలల మీద యజమాని పిల్లలు. గుర్రబ్బండిలో దిగిన మొగుణ్ణి చూసి చేత్తో నోరు మూసుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. బహుశా రెండూ.

పగ్గం బెంచీ కోడుకు కట్టి, అలసిపోయి ఉన్నానేమో, బెంచీ మధ్యలో చతికిలపడ్డాను. వదిన ఒక పక్కకు జరిగింది. సుబ్బన్న రెండో పక్క కూర్చున్నాడు. ఆలస్యమెందుకైందో చెప్పడం నా ధర్మం కదా! మొదలుపెట్టాను. మా గ్రంథాలయం, పెట్టె అడుగున పుస్తకం, సస్పెండ్‌కు రెండర్థాలు, విచారణ, తుమ్ములు. కోవా డబ్బా నా ఒళ్ళోంచే అటూ ఇటూ తిరుగుతోంది. చెబుతూ చెబుతూ రెండు ముక్కలు నేనూ తిన్నాను. పిల్లల ఉయ్యాల కిర్రు కిర్రుమంటోంది, ఎండ ఎర్రబడుతోంది, నా మాటలు నాకే ఎంతో హాయిగా వినిపిస్తున్నాయి.

"అంతా చెప్పినావు గానీ అబ్బీ," అంది వదిన మెల్లగా, "ఆ గుల్జార్ బాయ్ ఊరికే ఎందుకు అడ్డం వచ్చినాడు?"

నేను నోరు తెరిచేలోపల సుబ్బన్న అన్నాడు. "ఎవరితోనూ చెప్పద్దు మే. ఈ లైబ్రరీ దోవ నడిమధ్యన నిలబడి ఆకాశం చూస్తాండె. గుల్జార్ బాయ్ పక్కకు కొయ్యకపోతే వీడి మీదికి పోయుండు. ముదీర్ ముందర చెప్తే వీణ్ణి పేడ గుంటకు తోలుతాడని ఇద్దరం గమ్మునుండిపోతిమి."

జల్లు, సూర్యుడు, నా కాళ్ళ కింద గట్టిగా తొక్కి చదును చేసిన మట్టి, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆరడుగుల గుల్జార్ చేతులు కట్టుకుని నా తీర్పు విన్న తీరు గుర్తొచ్చింది. నోట్లో కోవా కరగడం మానేసింది.

వదిన నన్ను చూసింది. అటు మొగుణ్ణి చూడాలని మెడ చాచింది. మధ్యలో నా తల. మళ్ళీ నన్నే చూసి, ఎంతో మర్యాదగా అడిగింది:

"అబ్బీ, మీ పుస్తకంలో అజాగ్రత్తగా అడ్డం వచ్చేటోళ్ళకు ఏం శిక్ష అన్నావు?"

"మూడు... మూడు శుక్రవారాలు, వదినా."

"పదినెల్ల తర్వాత మొగం చూస్తాండా. ఇంకా పావుగంటే ఉండాది. లేచి పోయి ఆ గుర్రం దగ్గర నిలబడు నాయనా."

లేచాను. వాళ్ళిద్దరూ జరిగి దగ్గరగా కూర్చున్నారు. నేను అటు తిరిగి గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డాను. దానికి అంతా అర్థమైనట్టే ఉంది. వెనక నుంచి మాటలు కాదు, అప్పుడప్పుడూ చిన్న నవ్వు వినిపించింది, అజాన్ మొదలయ్యే దాకా.

మర్నాడు ముదీర్‌తో చెప్పి గుల్జార్ శిక్ష రద్దు చేయించాను. దారి మధ్యలో నిలబడింది నేనేనని కూడా చెప్పుకున్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మాట తప్పకుండా నన్ను పేడ గుంటకు పంపాడు. వదిన వేసిన శిక్ష నేనే నిలబెట్టుకున్నాను. మూడు శుక్రవారాలు బస్సు ఎక్కలేదు.

కాబట్టి, నేను చదివిన పుస్తకాలన్నిటి మీదా, చదవబోయేవాటి మీదా చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పందెపు దారి మీద నిలబడను, ఎవరూ అడగని న్యాయం చేయను. ముఖ్యంగా, బెంచీ ఎంత ఖాళీగా ఉన్నా సరే, ఒక చివరనే కూర్చుంటాను.