మోకాళ్ల నొప్పికి గుట్టల వైద్యం

గోదావరిఖనిలో కరీంకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి మోకాళ్ల నొప్పి, రెండోది తిర్యాణి గుట్టలు. మొదటిది గని లోపల బొగ్గు టబ్బులు నెట్టి సంపాదించుకున్నాడు. రెండోది తండ్రి బద్రుద్దీన్ వదిలిపోయిన ఆస్తి. ఆయన గాజుల మలారం నెత్తిన పెట్టుకుని, కొడుకును వెంటేసుకుని, గోండు గూడేలన్నీ తిరిగినవాడు. ఇల్లూ పొలమూ ఇవ్వలేదు, దారులు ఇచ్చాడు. దారులకు పట్టా ఉండదు కనుక అన్నదమ్ములెవరూ వాటా అడగలేదు.

కరీం కోరిక ఒక్కటే. గని లోపలి నుంచి పైకి రావాలి. పైన ల్యాంప్ రూమ్‌లో ఒక పని ఖాళీ అయింది. కుర్చీలో కూర్చుని, దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. ఆ పని ఎవరికన్నది గని మేనేజరు సూర్యప్రకాశరావు గారి చేతిలో ఉంది. ఆయనది గుంటూరు వైపు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో ఆయనకు ప్రకృతి మీద ప్రేమ కలిగింది. పగలంతా భూమి కడుపు తవ్వించే మనిషికి సాయంత్రం భూమి మీద జాలి కలగడం సహజం. మూడు రోజులు గుట్టల్లో నడక, గోండుల ఇళ్లల్లో బస అని ఆఫీసర్ల క్లబ్బులో నోటీసు అంటించారు. దారి చూపడానికి కరీంను పిలిపించారు.

"ఏమయ్యా కరీం, నీకు వాళ్ల భాష వచ్చటగా?"

"గాజులమ్మేటంత వస్తది సార్."

"చాలు. గుస్సాడీ నాట్యం కూడా పెట్టించు. దగ్గర్నుంచి ఫోటోలు తియ్యాలి. నీ ల్యాంప్ రూమ్ సంగతి నేను చూస్తాగా."

దేవుడు పూని ఆడే గుస్సాడీల నెమలి ఈకల టోపీలు దీపావళికే దించుతారు. పండుగ కాగానే మళ్లీ ఎత్తిపెడతారు. అప్పుడు నడుస్తున్నది మార్చి. ఇది కరీంకు తెలుసు. తెలిసే "అట్లనే సార్" అన్నాడు. ఆ మాట పలకడంలో గనిలో అందరూ ఆరితేరినవాళ్లే.

ఇంట్లో చెబితే భార్య హబీబున్నీసా చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"నమాజుకు వంగరాదు. దవాఖాన మెట్లెక్కరాదు. గుట్టలెక్కుతవా?"

"ఈ ఒక్కపారి ఎక్కితే జిందగీల మల్ల దిగుడుండది."

"అయితే మోకాళ్లు ఈడ పెట్టి పో. నేను చూసుకుంట."

ఆఫీసర్లంతా ఖాకీ నిక్కర్లు, టోపీలు వేసుకుని బయల్దేరారు. క్లబ్బు అద్దంలో బాగానే ఉన్నాయి. మొదటి గూడెంలో మాత్రం ఒక్క మనిషి లేడు. పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతోంది. ఖాకీ కనబడితే పోలీసులనుకుని చెట్ల చాటుకు పోవడం అక్కడి అలవాటు. "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉంది" అని సూర్యప్రకాశరావు గారు ఫోటో తీశారు.

రెండో రోజు బస ఆత్రం జంగు ఇంట్లో. జంగు ఆ గూడేనికి పటేల్. చిన్నప్పుడు తండ్రితో వచ్చి కరీం నిద్రపోయింది ఆ ఇంటి అరుగు మీదే. ఇంటివాళ్లు చెంబులతో నీళ్లిచ్చి అందరి కాళ్లు కడిగించారు. తమ గదిలో చాపలు పరిచి, తాము పశువుల కొట్టంలో సర్దుకున్నారు. "సర్దుకుపోవడమే కదా అసలు మజా" అన్నాడొక ఆఫీసరు, చాప మీద ఒరుగుతూ.

కరీం జంగును పక్కకు పిలిచి టోపీల మాట ఎత్తాడు.  జంగు గోండిలో మెల్లగా చెప్పాడు.

"మీ అయ్య ఇన్నేండ్లల్ల ఏది అడగలే. నువ్వు అడిగినవని దింపుతనేమో. రేపు ఊరికి కీడొస్తే నా పటేల్‌తనం పోతది. నువ్వు ఈ అరుగు మీద కూసునుడు గూడ పోతది."

కరీం జంగును వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. "దీపావళి దాంక దేవునికి సెలవు సార్" అన్నాడు.

అది తప్పయింది. ఆఫీసరు ముందు సెలవు అనే మాట ఎత్తకూడదు.

"సెలవా? ఎవరిచ్చారు?"

"పటేల్, సార్."

"ఇంకేం మరి, క్యాన్సిల్ చెయ్యమను. పని పడితే నేను దసరా సెలవులే క్యాన్సిల్ చేశా. ఇవాళ వస్తే బదులు ఇంకో రోజు ఇద్దామని చెప్పు."

కరీం జంగు వైపు తిరిగి, గోండిలో జొన్నల ధర అడిగాడు. జంగు చెప్పాడు. కరీం మళ్లీ ఇటు తిరిగేలోగా ల్యాంప్ రూమ్ కుర్చీ అతని కళ్ల ముందే ఒక జానెడు వెనక్కి జరిగింది.

"దింపుతడట సార్. కాకపోతె ఒక రివాజున్నది. అడిగినోళ్లే పెట్టుకోవాలె. పెట్టుకుంటే పండుగ దాంక తానం చెయ్యద్దు."

సగం నిజం. పండుగ నాళ్లలో గుస్సాడీలు స్నానం చెయ్యరు. మిగతా నెలలు కరీం కలిపాడు.

సూర్యప్రకాశరావు గారు ఆలోచనలో పడ్డారు. వెంట వచ్చిన ఆయన భార్య చంద్రమతి గారు పడలేదు.

"ఏమండీ, రెండ్రోజులకే మీ పక్కన కూచోలేకపోతున్నా. నోరు మూసుకుని పడుకోండి."

దేవుడి సెలవు మంజూరైంది.

అరుగు దక్కింది. ఇక కుర్చీ దక్కించుకోవాలి. మూడో రోజు కరీం సారు సంచి తానే మోశాడు. చంద్రమతి గారిని చెయ్యి పట్టి వాగు దాటించాడు. కుంటితే సారు మనసు పాడవుతుందని కుంటు కూడా దాచాడు. పళ్లు బిగబట్టి, నవ్వు మొహంతో దిగాడు.

వారం ఆగి సారు గదికి వెళ్లాడు.

"బ్రహ్మాండంగా తిప్పావయ్యా. ఏం కావాలి?"

"ల్యాంప్ రూమ్ సార్. మోకాళ్లు పనిచేస్తలేవు."

సారు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన మోసగాడు కాదు. కళ్లారా చూసింది మాత్రమే నమ్మే మనిషి.

"మూడ్రోజులు గుట్టలెక్కావు. నా సంచి మోశావు. మా ఆవిణ్ణి వాగు దాటించావు. ఎవరి మోకాళ్లయ్యా? నావా? నాకింకా వాపు తగ్గలేదు."

ల్యాంప్ రూమ్ పని క్లబ్బులో షటిల్ నెట్టు కట్టే ఆగయ్యకు వచ్చింది. అతను ఏ గుట్టా ఎక్కలేదు కనుక అతని మోకాళ్లను ఎవరూ అనుమానించలేదు.

మర్నాడు ఫస్టు షిఫ్టుకు కరీం కిటికీ ముందు నిలబడ్డాడు. ఆగయ్య కుర్చీలోంచి లేవకుండానే దీపం అందించాడు.

"కాకా, గుట్టలు మస్తుంటయట గద. ఈసారి నన్ను గూడ తీస్కపో."

"ఎక్కకు బిడ్డా" అన్నాడు కరీం. "ఎక్కినోన్ని కిందికే తోల్తరు."

దీపం టోపీకి తగిలించుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, మిగతావాళ్ల వెనక దిగిపోయాడు.