తొక్కి పట్టని కాలు

నారాయణపేట నుంచి వస్తూ మరికల్ దాటినాక మా హైదరాబాదు బస్సు టైరు పంచరైంది. తొంభైనాలుగు ఎండాకాలం. అందరం దిగి తుమ్మచెట్ల నీడకు చేరాం. గాజులమ్మే ఇక్బాల్ బీ బుట్ట దించుకుంటూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక యువకుణ్ణి పట్టుకుంది.

"ఏంరా భిక్షపతీ, ఇమానం తోలెటోనివి, నీకు గీ డొక్కు బస్సేంది?"

"ఇంకా ఏడ తోలిన ఖాలా!"

నారాయణపేట నేతగాడు గండయ్య కొడుకట. సర్కారు స్కాలర్‌షిప్ మీద ఒంటి ఇంజను విమానం నేర్చి, కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు విమానాల కంపెనీలో చేరాడు. చేరగానే కాక్‌పిట్‌లో కూర్చోబెడతారనుకున్నాడు. వాళ్ళు బడిలో కూర్చోబెట్టారు. నెలల తరబడి పాఠాలు, పరీక్షలు, విమానం నీళ్ళలో పడితే ఎక్కే రబ్బరు తెప్పను ఈతకొలనులో విప్పడాలు. ఆ తర్వాత సిమ్యులేటర్. అంటే ఒక హాల్లో, నేల మీదే ఊగే ఉత్తుత్తి విమానం. అక్కడ చిక్కుపడ్డాడు.

"రెండింజన్లల్ల ఒకటి బంద్ జేస్తరు తాతా," అన్నాడు నా వైపు తిరిగి. " ఇమానం ముక్కు ఆగిన ఇంజను దిక్కు గుంజుతది. గప్పుడు ఇవతలి పెడల్ తొక్కి పట్టాలె, వదలద్దు. నా కాలు తొక్కుతది, వదులుతది. రెండోది తొక్కుతది. మగ్గం మీద ఉన్నట్టే."

కొల్లాపూర్ దిక్కు కృష్ణానది మీద గుండ్రటి పుట్టి పడవ నడిపేవాళ్ళు గట్టు మీద నిలబడ్డా మోకాళ్ళు కాస్త వంచే ఉంటారు. నేనెరిగిన జట్కా చోటే మియా, బండి అమ్ముకున్నాక కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ లేని పగ్గాలు గుంజేవాడు. చదువు తలకెక్కుతుంది గానీ పని ఒంట్లోకి దిగుతుంది. భిక్షపతి పాలపళ్ళు ఊడకముందే మగ్గం గుంతలో దిగి, రెండు కాళ్ళతో పలకలు మార్చి మార్చి తొక్కాడు.

సిమ్యులేటర్‌లో మొదటి పరీక్ష తప్పాడు. రేపు రెండోది, అదే ఆఖరు. తప్పితే ఉద్యోగం లేదు. ఖాళీ మగ్గంలో కూర్చుని ఒక్క పలకే తొక్కి పట్టడం కాలికి నేర్పుదామని సెలవు పెట్టి ఊరికి వచ్చాడు. వచ్చి చూస్తే మగ్గం మీద సగం నేసిన చీర, మంచం మీద నడుం పట్టేసిన తండ్రి.

"'జర గీ చీర నేసి దించు బిడ్డా' అన్నడు బాపు. దించిన. ఇంకోటి ఎక్కియ్యమన్నడు."

"మరి కాలో?" అన్నాను.

"ఎప్పటికన్న మంచిగ ఆడుతాంది."

"ఫికర్ జెయ్యకు. అల్లా ఉన్నడు," అంది ఇక్బాల్ బీ.

అతని బూట్లు మట్టిలో ఒకదాని తర్వాత ఒకటి కదులుతూనే ఉన్నాయి. అతనూ చూశాడు. కుడి మోకాలిని చేతులతో అదిమి పట్టాడు. ఎడమది ఆగలేదు.

టైరు బిగించి కండక్టరు విజిల్ వేశాడు. ఎదురుగా నారాయణపేట పోయే బస్సు వస్తోంది. నేను మెట్టెక్కి వెనక్కి చూస్తే, భిక్షపతి సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటుతున్నాడు.

"ఓ భిక్షపతీ, మన బస్సు గిదిరా!" ఇక్బాల్ బీ కిటికీలోంచి అరిచింది.

అతను ఆ బస్సుకే చెయ్యెత్తాడు. ఇటు తిరగలేదు.