చీటీని నమ్మని పద్మనాభం గారు

పద్మనాభం గారు మనిషి నోటిమాటనైనా నమ్మేవారు గానీ, చీటీ మీద రాసుకొచ్చిన నంబరును మాత్రం చచ్చినా నమ్మేవారు కారు. ఢిల్లీలో ఆ యూనివర్సిటీకి వైఫై వచ్చిన కొత్త అది, 2006 ప్రాంతం. కంప్యూటర్ సెంటర్ రెండో అంతస్తులో మూల టేబులు ఆయనది. ప్రతి ల్యాప్‌టాప్‌కీ ఫ్యాక్టరీలోనే పన్నెండక్షరాల నంబరొకటి పెడతారు. దాన్ని ఆయన తన కంప్యూటర్లో ఎక్కిస్తే తప్ప గాల్లో నెట్ అందదు. నంబరు రాసిస్తే చాలే పని. ఆయన ఒప్పుకోరు. "మిషను తెండి. నా కళ్ళతో చూడాలి" అనేవారు.

తెచ్చాక ఇంకో తంతు. మిషనును బోర్లా పడుకోబెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నంబరును గొంతెత్తి చదివేవారు. అందులో అంకెలు కాక ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలే వస్తాయి. తెనాలి వదిలి ఇరవై ఏళ్ళయినా ఆయనకు ఎ అంటే ఆవకాయ, బి అంటే బెండకాయ, సి చింతకాయ, డి దోసకాయ, ఇ ఈతపండు. ఎఫ్ దగ్గర కాయా పండూ దొరక్క ఫలహారంతో సరిపెట్టుకున్నారు. రోహిణి పేట నుంచి వచ్చే నేహా అనే అమ్మాయి మిషనులో రెండు బిలు పక్కపక్కన పడ్డాయి. "బెండకాయ, బెండకాయ" అని ఆయన చదివింది వెనకున్నవాళ్ళు విన్నారు. డిగ్రీ పట్టా పుచ్చుకునే దాకా ఆ పిల్ల పేరు బెండకాయే.

ఒక డిపార్ట్‌మెంటు హెడ్డు గారు అటెండరు చేత చీటీ పంపి, పని కాకపోయేసరికి ఫోను చేశారు. "ఫొటో సే షాదీ నహీ హోతా సర్" అన్నారు పద్మనాభం గారు, ఫొటోతో పెళ్ళి కాదని తెనాలి హిందీలో. పావుగంటలో హెడ్డు గారు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కారు.

ఇలాంటాయన దగ్గరికే మల్లేశం ఒక చీటీతో వెళ్ళవలసి వచ్చింది. సిరిసిల్ల నుంచి ఎమ్మే చదవడానికి వచ్చి మునిర్కాలో గది తీసుకున్నాడు. చదవాల్సిన పాఠాలన్నీ ఆ ఏడు నెట్‌లోకే ఎక్కించారు. డిపార్ట్‌మెంటులో ఉన్న నాలుగు కంప్యూటర్లలో మూడు మూలుగుతున్నాయి. మూడు వారాల్లో పేపరు రాసి ఇవ్వాలి. అతనికి ల్యాప్‌టాప్ లేదు. లేదని చెప్పడానికి నోరు రాక, గదిలో ఉందని క్లాసులో అందరికీ చెప్పేశాడు. నెట్ పెట్టించుకోనివాళ్ళ పేర్లు బోర్డు మీద అంటించేసరికి ఏం చేయాలో తోచక, ఒక నంబరు సొంతంగా అల్లాడు. నిజమైనదానిలా కనిపించాలని అక్కడక్కడ అక్షరాలు కూడా చల్లాడు.

"మిషనేదయ్యా?"

"రూముల ఉన్నది సార్. నంబరు రాసుకొచ్చిన."

పద్మనాభం గారు అతని మొహం వంక కాసేపు చూసి, ఈసారి చీటీ అందుకున్నారు. "సున్నా, సున్నా, ఒకటి, ఆవకాయ, నాలుగు, గోంగూ..." అని ఆగిపోయారు. గొంతు తగ్గించి, "ఇందులోకి గోంగూర ఎలా వచ్చిందయ్యా?" అన్నారు.

"జి ఉన్నది సార్."

"ఎఫ్ దాటి అక్షరం ఈ నంబర్లలో ఇంకా పుట్టలేదు నాయనా."

మల్లేశం వెనక్కి తిరిగి చూశాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. పద్మనాభం గారు వాళ్ళకు వినబడేలా, "ఇస్కా మషీన్ స్పెషల్ హై, టైమ్ లగేగా" అని, ఈ మిషనుకు టైము పడుతుందన్నట్టు చెప్పి, చీటీ మడిచి జేబులో వేసుకున్నారు. "రేపు భోజనాల వేళ రా. అప్పుడు ఎవరూ ఉండరు" అన్నారు మెల్లిగా.

మర్నాడు వెళితే బీరువాలోంచి ఇటుకంత బరువున్న పాత ల్యాప్‌టాప్ తీసి ముందు పెట్టారు. "క్యాంపస్‌లో సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతోందో తిరిగి చూసే మనిషి కావాలి. ఖాళీ టైములో నీ చదువు చదువుకో. సోమవారం సోమవారం రిపోర్టు ఇవ్వాలి. చేస్తావా?"

"చేస్త సార్" అన్నాడు మల్లేశం. ఆ రోజు నుంచి అతని నడకే మారింది. చెట్ల కింద, మెట్ల మీద, సైకిల్ స్టాండులో మిషను తెరవడం, తెర మీద ఎన్ని సిగ్నల్ గీతలొచ్చాయో లెక్కపెట్టడం, కాగితం మీద రాయడం. పేపరు కూడా టైముకే ఇచ్చాడు.

ఒక సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద ఒకమ్మాయి ఇటుకంత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలుతో ఏదో రాసుకుంటూ కనిపించింది. ఇతన్ని చూసి కాగితం దాచింది. ఇతనూ దాచాడు.

"నేను సిగ్నల్ డ్యూటీల ఉన్న" అన్నాడు మల్లేశం హుందాగా.

"నేనూనండి" అందా అమ్మాయి. పేరు భావన, ఉండేది బేర్ సరాయ్. "పద్మనాభం గారేనా?"

"ఆయనే. మిమ్మల్నెట్ల పట్టిండు?"

"చీటీ తీసుకెళ్ళానండి. మిషను ఉన్నవాళ్ళు మిషనే తెస్తారు. పెద్దసార్లను పక్కన పెడితే, మిషను లేనివాళ్ళు కాక ఇక చీటీతో వచ్చేది ఎవరు చెప్పండి?"

మల్లేశం తన మిషనునూ ఆమె ఒళ్ళోని మిషనునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఈ డ్యూటీ ఒక సాకేనని తమకు తెలిసిపోయినట్టు ఆయనకు తెలియకూడదని అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నారు.

సోమవారం పద్మనాభం గారు రిపోర్టును ఎప్పటిలాగే వేలు పెట్టి చదివారు. "క్యాంటీన్ వెనక మూడు గీతలా? ఖాయమేనా?"

"ఖాయమే సార్" అని బయటికొచ్చిన మల్లేశం, రెండు మెట్లు దిగి ఆగాడు. తర్వాత మిషను భుజాన వేసుకుని, మూడో గీత నిజంగా వస్తోందో లేదో ఇంకోసారి చూడటానికి ఎండలో క్యాంటీన్ వెనక్కి నడిచాడు.