కొండల్ కూర్చున్న రాయి

పొద్దున వాడకట్టంతా పాలు పోసి తిరిగొచ్చేటప్పటికి పుష్పమ్మ మోకాళ్లు మొరాయించేవి. సరిగ్గా బహదూర్‌పురా మలుపు దగ్గర మొరాయించేవి. ఖాళీ క్యాను కింద పెట్టి, రోడ్డు వారనున్న నున్నటి రాయి మీద కూలబడేది. కాస్త ఊపిరి తీసుకుని మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టేది.

"సైకిల్ ఏసుకొని నువ్వు సల్లగ పోయినవ్. నా కాళ్లు జూడు, ఎట్ల ఉబ్బినయో. వాని లారీకి లైట్లు లేకపాయె, నీకు సోయి లేకపాయె!"

మొగుడు కొండల్ పోయింది ఆ మలుపులోనే. డెబ్బైల మొదట్లో, ఇంకా తెల్లవారకముందు, పాలక్యాన్లు కట్టుకుని సైకిల్ మీద వెళ్తుంటే లారీ కొట్టేసింది. రోడ్డంతా పాలు పారాయి. "నీళ్లు కలుపుతడని అన్నోళ్లందరు చూసిండ్రు ఆ పొద్దు, ఎంత చిక్కగున్నయో" అని పుష్పమ్మ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. నీళ్లు కలిపే పని తనదేననీ, ఆ రోజు నిద్రమత్తులో మరిచిపోయిందనీ మాత్రం చెప్పదు.

దినాలు అయ్యాక ఆమెకో ఆలోచన వచ్చింది. కొట్టంలో కొండల్ రోజూ ఒక రాయి మీద కూర్చుని బర్రెలు పిండేవాడు. ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని దాన్ని అద్దంలా చేశాడు. అది కళ్ల ముందుంటే రెండు పూటలా ఏడుపే. బయట పారేయడానికి చేయి రాలేదు. బండి కట్టించి తెచ్చి మలుపులో పాతించింది. తను మాత్రం ఆనాటి నుంచి గొంతుక్కూర్చునే పాలు పిండుతోంది. మోకాళ్లు పాడైంది అందుకే.

ఏడాది తిరిగిన రోజున రాయికి సున్నం వేసి, కొండల్‌కి ఇష్టమని ఒక కప్పు చాయ్, ముట్టించిన బీడీ పెట్టింది. అక్కడ జరిగింది పొరపాటు. బ్రేకులు పట్టని లారీ ఒకటి సరిగ్గా ఆ తెల్లటి రాయి ముందుకొచ్చి ఆగిపోయింది. డ్రైవర్ దిగి చూశాడు. సున్నం, పొగ, చాయ్. చెంపలు వాయించుకుని కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు ఇంకొకడు కొట్టాడు. వారం తిరిగేసరికి పసుపూ నిమ్మకాయలూ వచ్చాయి. ఎవరో పుణ్యాత్ముడు గాజులు పెట్టి, ఆకుపచ్చ రవికెగుడ్డ కప్పాడు. పేరు కూడా పెట్టేశారు: బ్రేకుల మైసమ్మ.

పుష్పమ్మ తల పట్టుకుంది. ఇంత పొడుగు మీసాలున్న మనిషి!

"అన్నా, గిది దేవత గాదే, మా ఇంటాయన" అని దొరికిన డ్రైవర్‌కల్లా చెప్పింది. వాళ్లు ఇంకా భక్తిగా దండం పెట్టారు. జనం వంగి వంగి రాయికి నుదురు ఆనించి, కళ్లకద్దుకుంటుంటే ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. ఆ రాయికీ కొండల్‌కీ ఏ వైపు నుంచి సంబంధమో ఆమెకొక్కదానికే తెలుసు. నలుగురిలో ఎలా చెబుతుంది?

కొబ్బరికాయల గంప పెట్టుకుని రాజమణి అనే ఆవిడ అక్కడే వెలిసింది. పుష్పమ్మ కూర్చోబోతే కసిరేది.

"ఏందక్కా, అమ్మోరి మీద కూసుంటవా? కండ్లు పోతయ్!"

"నా మొగని రాయి మీద నేను కూసుంటే నీకేం లొల్లి?"

అలా పోట్లాడి పోట్లాడే కూర్చునేది. రోజంతటిలో ఆమెకు దొరికే కూర్చోవడం అదొక్కటే, ఆ తిట్లు వినే మనిషీ అక్కడే ఉన్నాడు.

ఇలా ఉండగా ఆ వారన మురుగునీళ్ల మోరీ తవ్వడానికి మున్సిపాలిటీ మనుషులు వచ్చారు. ఓవర్సీర్ శ్రీహరిరావు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. గీసిన సున్నపు గీత తిన్నగా రాయి కిందకే పోయింది. కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు.

"మైసమ్మను ముట్టం సార్."

"మైసమ్మ కాదని, తన మొగుడని ఒకావిడ అంటుందట కదయ్యా?"

అప్పుడే ఖాళీ క్యానుతో వస్తున్న పుష్పమ్మను రాజమణి చూపించింది. శ్రీహరిరావు ఎదురెళ్లాడు.

"ఏమ్మా, మీ నోటితో చెప్పండి. అమ్మవారైతే మోరీని పక్కకి తిప్పుకుంటాను, పైవాళ్లు కూడా ఏమీ అనరు. మీవారి గుర్తంటారా, తీసి పక్కన పడేయక తప్పదు. నేనేం చేయలేను."

కూలీలు చూస్తున్నారు. రాజమణి గంపను దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్లుగా కనబడినవాడికల్లా పుష్పమ్మ చెప్పిన నిజమే ఇప్పుడు ఆమెకు అడ్డం తిరిగింది. చెబితే రాయి పోతుంది. చెప్పకపోతే కొండల్ పోతాడు. మోకాళ్లు సలుపుతున్నాయి.

"మైసమ్మనే సారూ" అంది. "నాదే తప్పు."

మాట నిలవాలిగా. రాజమణి గంపలోని కుంకుమ పొట్లంలో పుష్పమ్మ వేలు ముంచి, మొగుడు పోయాక మొదటిసారిగా ఎర్రబొట్టు చేత్తో పట్టి, రాయి నడుమ పెట్టింది.

శ్రీహరిరావు హమ్మయ్య అనుకున్నాడు. చెప్పులు విడిచి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, రాయికి నుదురు గట్టిగా ఆనించాడు. ఆపైన రెండు చెంపలూ ఆనించాడు.

పుష్పమ్మకు కొట్టం, బర్రె, కొండల్ కూర్చునే తీరు అన్నీ ఒక్కసారి కళ్లకు కట్టాయి. నవ్వు ఆపుకోవాలని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి, కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"అమ్మ పూనిందిరో!" అని రాజమణి కేక వేసి, చెంబెడు పసుపునీళ్లు తెచ్చి నెత్తిన కుమ్మరించింది. నవ్వు ఏడుపుగా ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు.

మోరీ రాయి దగ్గర వంకర తిరిగి వెళ్లింది. లారీవాళ్లు రాయి చుట్టూ గద్దె కట్టి ఇనుపజాలీ పెట్టించారు. పుష్పమ్మ ఇప్పుడు మోరీ గట్టు మీద, జాలీ వైపు ఒరిగి కూర్చుంటుంది. తిట్లు పైకి వినబడవు, పెదాలు మాత్రం కదులుతాయి.

"రోజు ఏందో అడుగుతున్నవ్ అక్కా. ఏం మొక్కుకున్నవ్?" అంది రాజమణి ఒకరోజు.

"ఏముందే. కూసోనీకి జర జాగ అడిగిన."

"ఇస్తది తీయ్, సల్లని తల్లి" అని రాజమణి ఆమె పేరు మీద ఒక కాయ కొట్టింది.

పుష్పమ్మ చిప్ప అందుకుని క్యానులో వేసుకుంది. మోకాలి మీద చేయి ఆనించుకుని లేచింది. ఇల్లు చేరాలి. సాయంత్రం మళ్లీ బర్రెలు పిండాలి.