అట్ట ముక్కల మీద స్వీడన్

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే హడావిడి ముగిసిన మరుసటి ఏడాది, మావారు పనిచేసే టెలికాం కంపెనీ ఆయన్ని స్వీడన్ ప్రాజెక్టుకి పంపుతామంది. అప్పుడు మేం మెల్‌బోర్న్‌లో ఉన్నాం. ఆయన ఉన్ని కోట్ల గురించి వాకబు చేస్తుంటే, నాకు మాత్రం నాలుగున్నరేళ్ల మా అమ్మాయి గుబులు పట్టుకుంది.

ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో దాన్ని చైల్డ్‌కేర్‌లో చేర్చాం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. దాహమేస్తే అడగలేక సాయంత్రం దాకా అలాగే కూర్చునేదట. ఆ సంగతి నాకు తెలియడానికే నెల పట్టింది. ఇంకో దేశంలో నా బిడ్డ మళ్లీ నోరు లేనిదానిలా కూర్చోకూడదని పంతం పట్టాను.

లైబ్రరీ నుంచి స్వీడిష్ క్యాసెట్, పుస్తకం తెచ్చాను. సూపర్‌మార్కెట్ వాళ్లు ఇంటింటికీ వేసే రంగుల కాగితాల్లోంచి పాలసీసా, ఆపిల్, బూట్లు కత్తిరించి, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టల మీద అంటించాను. నీళ్లగ్లాసు బొమ్మ నేనే గీస్తే, పూలకుండీలా ఉందని మావారు వెక్కిరించారు. నీళ్లు వత్తెన్, పాలు మ్యోల్క్, కుక్క హుండ్. రోజూ పది బొమ్మలు. పేరు చెప్తేనే అన్నం ముద్ద.

మొదటి వారం అది ఆటే. తర్వాత కుక్క బొమ్మ చూపిస్తే, “ఇట్స్ ఎ డాగ్, అమ్మా!” అని మొండికేసేది. ఒకరోజు ఓపిక నశించి చెయ్యి చేసుకున్నాను. ఆ తర్వాత అట్టలు తీస్తే చాలు, సోఫా వెనక్కి దూరేది. దాని మంచికేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మొదట్లో పక్కన కూర్చుని వినే మావారు కూడా పేపరు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోసాగారు. అలసిపోయారనుకున్నాను.

ఒక ఆదివారం ఆయనతో పనిచేసే అతను, భార్యతో కలిసి భోజనానికి వచ్చాడు. మనవాళ్ల ఇళ్లలో ఎవరైనా వస్తే, పిల్లలు పద్యమో రైమో అప్పజెప్పకుండా వడ్డన మొదలవదు కదా. నేను అట్టలు తీసి, “అంకుల్‌కి చెప్పమ్మా” అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని పదీ తప్పు లేకుండా చెప్పింది. నా గర్వం ఇంతా అంతా కాదు.

అతను చప్పట్లు కొట్టి, “బాగా నేర్పారు వదినగారూ! కానీ ఇప్పుడు స్వీడిష్ ఎందుకు? ఆ ప్రాజెక్ట్ క్యాన్సిల్ అయ్యి నెల దాటింది కదా” అన్నాడు.

మావారు తల ఎత్తలేదు. ఆ భోజనం ఎలా వడ్డించానో నాకు గుర్తులేదు.

వాళ్లు వెళ్లగానే, “నాకెందుకు చెప్పలేదు?” అని నిలదీశాను.

“ఈ జాబే ఉంటుందో లేదో తెలీదు. నువ్వేమో అంత ఇంట్రెస్ట్‌గా చేస్తున్నావు. ఎలా చెప్పను?” అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆ నెలలోనే నేను దాన్ని మరో రెండుసార్లు కొట్టాను. ఆ రెండుసార్లూ ఆయన పక్క గదిలోనే ఉన్నారు. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను గానీ, కొట్టిన చెయ్యి నాదే. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మా మాటలు విని అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చింది. “అమ్మా, నో మోర్ పిక్చర్స్?”

“లేవమ్మా. ఇంకెప్పుడూ లేవు” అన్నాను.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అది నా ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మకం కుదరక ఆయన దగ్గరికి వెళ్లి, చొక్కా పట్టుకుని అడిగింది.

“డాడీ, ఈజ్ ఇట్ ట్రూ?”