సమ్మెలో మళ్ళీ బండెక్కిన రోజులు

మొన్న మోకాళ్ళ నొప్పి చూపించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి కంటే చిన్నదిగా కనిపించిన ఆ డాక్టరమ్మ ముందు నన్ను తూకం మిషను మీద నిలబెట్టి, అంకె చూసి, మర్యాదకు ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ మాత్రం మర్యాద నేర్పిన తల్లి కడుపు చల్లగుండాలి. తరువాత నా కుడి పిక్క మీద పక్కపక్కనే ఉన్న రెండు కాలిన మచ్చలు చూసి ఇవేమిటని అడిగింది. సైలెన్సరు కాలిందమ్మా అన్నాను. ఎవరి బండి వెనక కూర్చున్నప్పుడు అని అడిగింది. వెనక కాదు, ముందు కూర్చున్నప్పుడేనంటే నమ్మనట్టు నవ్వి మందులు రాసిచ్చింది. ఆటోలో ఎల్బీనగర్ దాకా వచ్చేలోపు ఆ రెండు మచ్చల మధ్య ముప్పై ఏళ్ళూ నా కళ్ళ ముందు తిరిగాయి. నా ఈడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మా నాన్న నల్గొండ దగ్గర పల్లె నుంచి మమ్మల్ని తీసుకొని మన్సూరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడ కాలనీలు లేవు, జొన్నచేలు ఉండేవి. నాలుగు బర్రెలతో బతుకు మొదలుపెట్టి, డబడబమని మోగే ఒక పెద్ద మోటారుసైకిలుకు రెండు వైపులా పాలక్యాన్లు కట్టి దిల్‌సుఖ్‌నగర్ ఇళ్ళకు పాలు పోసేవాడు. ఒక వానాకాలం కాలు విరిగి మంచాన పడితే, మగపిల్లలు లేని ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి ఆ బండి నాకు వచ్చింది. ఆ కాలపు పెద్ద బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. లంగావోణీ కట్టుకొని పాలక్యాన్లతో పోతున్న నన్ను చూడటానికి హోటళ్ళ ముందు చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకొని నిలబడిపోయేవారు. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేటంత సన్నగా ఉండేదాన్ని. నవ్వకండి, నిజం. మొదటి మచ్చ అప్పటిది.

పెళ్ళయ్యాక బండి మానేశాను. ఎవరూ వద్దనలేదు. ఇగ నీకు గా కష్టమెందుకు అన్నాడు మా ఆయన, నాకూ హాయిగానే అనిపించింది. ఆయన సర్కారు బడిలో లెక్కల సారు, మితభాషి, మహా సిగ్గరి. పాతికేళ్ళ కాపురంలో నలుగురిలో నన్ను ముట్టుకున్న మనిషి కాదు. గుడిలో తోపులాటలో తప్పిపోతానేమోనని నా కొంగు చివర పట్టుకున్నాడే గానీ చెయ్యి పట్టుకోలేదు. కాన్పు, థైరాయిడు, వంటింట్లో మిగిలిన అన్నం పారెయ్యలేని బుద్ధి, ఈ మూడూ కలిసి నన్ను ఇంతదాన్ని చేశాయి. నేను పెరిగిన కొద్దీ ఆయన తరుగుతూ వచ్చాడు. నీ వాటా కూడా నీ పెండ్లామే తింటున్నదా అని మా ఆడబిడ్డ ఆయన్ని ఆటపట్టించేది. ఆయన తరుగుదలకు కారణం మూత్రపిండాలని తెలిసేసరికి అవి దాదాపు పనిచెయ్యడం మానేశాయి.

అప్పటినుంచి వారానికి మూడుసార్లు మూసారాంబాగ్‌లో డయాలసిస్. ఎడమచేతికి ఆపరేషను చేసి నరాలు కలిపారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేతిమీద బరువు పడకూడదు, దెబ్బ తగలకూడదు. లోపల రక్తం పారుతున్నంతకాలం అక్కడ జుమ్మని ఒక రొద ఉంటుంది. ఆ రొద ఆగిందంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆ చెయ్యి ఇక పనికిరాదన్నమాట. రోజూ పొద్దున లేవగానే ఆయన చేతికి నా చెవి ఆనించి విని, ఉంది అని చెప్పాకే పొయ్యి వెలిగించేదాన్ని.

అటువంటి రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోంచి కదలలేదు, బడులు మూతపడ్డాయి. మా ఆయన ఆ సమ్మెను మనసారా కోరుకున్నవాడు. మంచంలో కూర్చొని టీవీలో సభలు చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మమ్మల్ని తీసుకెళ్ళే ఆటో ఆయన కొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, ఆటోలు కూడా బంద్ అన్నాక ఊరికి వెళ్ళిపోయాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే ప్రాణం మీదికి వస్తేనే పంపుతామన్నారు. కాలనీలో బండ్లున్న మగవాళ్ళు లేకపోలేదు. ఒకాయన దారిలో రాళ్ళు పడితే ఎవరిది బాధ్యత అన్నాడు. ఒకసారి దింపిన కుర్రాడు రెండోసారికి ఫోనెత్తలేదు. వాళ్ళను తప్పుపట్టను. తీసుకెళ్ళి, నాలుగు గంటలు కాచుకొని, మళ్ళీ తీసుకురావడం, అదీ రోజు విడిచి రోజు, ఎవరు మాత్రం చేస్తారు?

అలా ఒక విడత తప్పిపోయింది. మరునాటికి ఆయన పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు దిండు పెట్టుకొని కూర్చున్నాడు. దాహం దాహం అని నోరు పిడచగట్టుకుపోతుంటే, గ్లాసుడు నీళ్ళిస్తే అవి ఊపిరితిత్తుల్లోకే పోతాయని తెలిసి, తడిగుడ్డతో పెదాలు తుడిచేదాన్ని. భర్త నీళ్ళడిగితే ఇవ్వకుండా కూర్చోవడం ఎంత పాపపు పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మా ఒక్కగానొక్క కూతురు వరంగల్ హాస్టల్లో చిక్కుకుపోయి ఫోనులో ఏడుస్తోంది. కాలుగాలిన పిల్లిలా ఇంటికీ గేటుకూ తిరిగాను. రెండో విడత కూడా తప్పితే మనిషి దక్కడని నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

పక్కింటి వదినగారిది గుంటూరు. ఆవిడ భర్త పనిమీద ఊరికి వెళ్ళి రైళ్ళాగిపోయి అక్కడే ఉండిపోయాడు. నా గోడు విని ఆవిడ, “మావారుంటే ఆయనే దింపి వచ్చేవారండీ. బండైతే ఉంది గానీ నడిపేవాళ్ళేరీ?” అని నొచ్చుకుంది. నడపడానికి నేనున్నానన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు, భయముంది. నాకూ అదే ఉంది.

తెల్లవారుతుండగా మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన పంజాబీ డ్రెస్సులోకి, కుట్లు ఊడదీసుకొని మరీ, దూరాను. కాలెత్తి సీటు మీదుగా వెయ్యబోతే కాలు సగంలోనే ఆగిపోయింది. చివరికి బండిని గుమ్మం పక్కకు తెచ్చి, మెట్టెక్కి, అక్కడినుంచి ఎక్కాను. కూర్చోగానే వెనక చక్రం నీరసంగా కిందికి అణిగితే సైకిలు పంపుతో ఇంకాస్త గాలి కొట్టించాను. పొట్ట ట్యాంకుకు ఆనింది, మోకాళ్ళు మంటపెట్టాయి. పైగా ఈ కొత్త బండికి గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నా పని. గల్లీలో నాలుగు చుట్లు తిరిగాను, గోడకు ఒకసారి గుద్దాను. తల చెప్పినట్టు కాళ్ళు వింటున్నాయనే నమ్మకం పూర్తిగా కుదరకముందే పొద్దెక్కింది, ఆగడానికి వీల్లేదు.

ఆయన వచ్చి, దుప్పటీ తువ్వాలూ ఉన్న సంచిని మా ఇద్దరి మధ్య పెట్టి, కుడిచేత్తో వెనక కడ్డీ పట్టుకొని కూర్చున్నాడు. నన్ను పట్టుకో అని చెప్పాను. కాలనీ అంతా చూస్తున్నది అని గొణిగాడు. చూస్తున్న మాట నిజమే.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. రాళ్ళ పొయ్యిల మీద గుండిగల్లో కిచిడీ ఉడుకుతోంది, ఆడవాళ్ళు బతుకమ్మ పాటలు పాడుతున్నారు. యువకులు మా బండి ఆపి రోడ్డు బందని చెప్పారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన వెనకనుంచి, వాళ్ళు చెప్పింది సరైనదే, నా ఒక్కని కోసం బంద్ ఆగుతదా, తిరిగిపోదాం అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు.

“తెలంగాణ వస్తది. అది చూడనీకి నువ్వుండాలె గద!” అని అరిచాను.

అంతే, ఏడుపు ఆగలేదు. ఒక పెద్దావిడ వచ్చి ఆయన ఉబ్బిన పాదాలు చూసి, వాళ్ళను కసిరి దారి ఇప్పించింది. ఆకులో కిచిడీ పెట్టి తినిపొమ్మంది. తినకూడదని చెప్పలేక ఆయన చేతులెత్తి దండం పెట్టాడు.

కొత్తపేటలో అప్పట్లో పండ్ల మార్కెట్టు ఉండేది. రోడ్డంతా తొక్కలూ గడ్డీ తొక్కిడికి నానిపోయి జారుతుండేది. అక్కడ సందులోంచి ఒక బత్తాయిల బండిని తోసుకుంటూ ఒకావిడ అడ్డంగా వచ్చింది. బ్రేకు వెయ్యాలని నాకు తెలుసు. నా కాలికి మాత్రం పాలబండి రోజులే గుర్తున్నాయి. ఎడమకాలు బలంగా తొక్కాను. బ్రేకుకు బదులు గేరు మారి బండి ఎగిరి కుదుపుకు కుడివైపు ఒరిగింది. నేను దాని కింద, బత్తాయిలు నా మీద. కడ్డీ మీది చెయ్యి జారి ఆయన వెనక రోడ్డు మీద, ఎడమ పక్కకి పడి ఉన్నాడు.

ఆ చెయ్యి. ఇంకేమీ కనిపించలేదు నాకు. ఇంత శరీరాన్ని బండి కిందినుంచి ఎలా లాక్కున్నానో తెలియదు, పాకుతూ వెళ్ళి రోడ్డు మీదే కూలబడి ఆయన చేతికి చెవి ఆనించాను. చుట్టూ జనం మూగి కేకలు వేస్తున్నారు. పోలీసులు కొట్టారా అని ఎవరో అంటున్నారు. నోర్ముయ్యండి, నాకు వినబడటం లేదు అని అరిచాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి మళ్ళీ ఆనించాను. కళ్ళు మూసుకొని, ఊపిరి బిగబట్టి విన్నాను. అప్పుడు సన్నగా, జుమ్మని. ఉంది. ఉందయ్యా అని ఆయన ఒళ్ళోనే తల పెట్టి ఏడ్చాను. ఆయన తలకూ మోచిప్పకూ దోక్కుపోయింది తప్ప చేతికి ఏమీ కాలేదు.

బత్తాయిల ఆవిడ ముందు నన్ను నాలుగు తిట్టి, సంగతి తెలిశాక మెత్తబడి, నలుగురితో మా బండి లేపించింది. మా ఆయన మళ్ళీ సంచి మధ్యలో పెట్టి కడ్డీ మీద చెయ్యి వేయబోతుంటే ఆవిడకు తిక్క రేగింది.

“ఏంది సారూ, గింత మనిషి ముందట కూసుంటె పట్టుకోనీకి నీకు సోటు దొర్కలేదా? నీ పెండ్లామే గద, పరాయి ఆడిదా?” అని, ఆ సంచి లాగి నా మెడలో వేసింది.

జనం గొల్లున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ముందుకు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి నా నడుము మీద ఒక చెయ్యి పడింది, భయం భయంగా, తరువాత గట్టిగా. చైతన్యపురి దాటాము, దిల్‌సుఖ్‌నగర్ దాటాము. మూతపడ్డ దుకాణాల ముందునుంచి, ఖాళీ రోడ్డు మీద పోతున్నాము. నాకు కాలు మండుతోంది, కళ్ళనీళ్ళకు దారి సరిగా కనబడటం లేదు. ఆయన ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ పూట ఆయన్ని మిషనుకు ఎక్కించాక బయట బెంచీ మీద కూలబడి, అప్పుడు చూసుకున్నాను పిక్క మీద కాలిన గాయం. సాయంత్రానికి ఆయన మొహం తేటబడి, దిండు లేకుండా వెల్లకిలా పడుకొని నిద్రపోయాడు. ఆ సమ్మె ముగిసేదాకా నేనే తీసుకెళ్ళాను. చౌరస్తాలో పిల్లలు మమ్మల్ని గుర్తుపట్టి ముందే దారి ఇచ్చేవారు. బస్సులు తిరిగి, ఆటోలు వచ్చాక కూడా, ఆటోలో నడుము నొప్పి పుడుతున్నది, నీ బండి మీదనే పోదాం అనేవాడు. నడుము నొప్పికి మోటారుసైకిలు మందని చెప్పిన లెక్కల సారు ఆయనొక్కడే అయ్యుంటాడు. వదినగారి దగ్గర ఆ బండి మేమే కొనుక్కున్నాము. రెండేళ్ళకు కొంచెం తక్కువగా అలా తిరిగాము.

రాష్ట్రం రాకముందే ఆయన పోయాడు. డయాలసిస్ మధ్యలో గుండె నీరసపడితే పెద్దాసుపత్రికి మార్చారు, అక్కడినుంచి రాలేదు. మూసారాంబాగ్‌లో మిగిలిపోయిన బండిని తెచ్చుకోవడానికి కొన్నాళ్ళ తరువాత వెళ్ళాను. ఎల్బీనగర్ మలుపులో ఎప్పటిలా తిప్పితే బండి చెప్పినదానికంటే ఎక్కువ తిరిగి, డివైడరు దాకా వెళ్ళింది. ఇంత బరువు మనిషిని పైన పెట్టుకొని కూడా అది తేలిపోతోంది. ఇంటికి తెచ్చి తాళం వేశాను. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా టపాకాయలు కాలుస్తుంటే సంతోషంగానే ఉంది గానీ, గేటు దాకా వచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఆ చౌరస్తా మీద వంతెనలు వచ్చాయి, మెట్రో వచ్చింది, పండ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్ళిపోయింది. మూసారాంబాగ్‌కు వెళ్ళాలంటే చల్లటి రైల్లో కూర్చుంటే చాలు, ఆపేవాళ్ళు లేరు. కింద రోడ్డు మీద పిల్లలు జంటలుగా బండ్ల మీద పోతుంటారు, అమ్మాయి వెనకనుంచి అబ్బాయిని రెండు చేతులా చుట్టుకొని భుజం మీద గడ్డం ఆనిస్తుంది, ఒక్కోసారి అమ్మాయే ముందు కూర్చుంటుంది. ఎవరూ ఆగి చూడరు, ఎవరూ నవ్వరు. నా ఈడు వాళ్ళు కొందరు కాలం చెడిపోయిందంటారు. నేననను. నాకు కాస్త అసూయ. పాతికేళ్ళు కాపురం చేశాక, ఒక చెయ్యి నా నడుము దాకా రావడానికి తెలంగాణ అంతా ఆగిపోవలసి వచ్చింది.